నేను పట్టుకున్న కుర్చీ

సాయంత్రం నాలుగు గంటల యాభై నిమిషాలకు నేను ఒక కుర్చీ వీపు పట్టుకున్నాను. అంతకంటే ఏమీ చేయలేదు. కుర్చీ నాది కాదు. అందులో కూర్చున్న మనిషి ఎవరో నాకు తెలియదు. ఆయన భోజనం చేస్తున్నాడు. ఇంతవరకు విని మా నర్సీపట్నంలో ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ ఆ కుర్చీ ఉన్నది నర్సీపట్నంలో కాదు, అండమాన్‌లో, సముద్రం మధ్య ఒక చిన్న ద్వీపంలో. దాన్ని పట్టుకున్న పాపానికి ఒక హోటలు గంటసేపు అల్లకల్లోలమైంది, ఎనిమిదిమంది కోసం వండిన రొయ్యలు హోటలంతా తిన్నది, సెలవు పెట్టి వెళ్ళిన నేను అక్కడ ఉద్యోగంలో చేరాను.

ఈ కథ మా ఆవిడ సత్యవతి చెప్పేది. నేను మొదలుపెడితే రెండో వాక్యంలో ఆపి, "మీరుండండి, మీకు సెప్పడం రాదు" అనేది. నిజమే, రాదు. నేను గ్రంథాలయంలో పనిచేసినవాణ్ణి. చదవడం వేరు, చెప్పడం వేరు. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు కాబట్టి నేనే చెబుతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడుసార్లు కుర్చీలోంచి లేచాను. ఒక చోట కూర్చోలేకపోవడం నాకు పుట్టుకతో వచ్చింది. అసలు ఆ సాయంత్రం జరిగినదానికి మూలం కూడా అదే.

ముందు కుర్చీ సంగతి చెప్పాలి. మా వైపు పెళ్ళిభోజనాల్లో మనల్ని ఎవరూ పిలిచి కూర్చోబెట్టరు. పిలుస్తారని ఆగినవాడు పెళ్ళికూతుర్ని సాగనంపేదాకా ఆగుతాడు. ఒక బంతి తింటుండగానే తరవాతి బంతివాళ్ళు లోపలికి వెళ్ళి, తింటున్నవాళ్ళ వెనకాల నిలబడి, తలో కుర్చీ పట్టుకోవాలి. పట్టుకున్న కుర్చీ మనది. తింటున్నవాడు ఏమీ అనుకోడు. వాడూ అలా పట్టుకుని కూర్చున్నవాడే. పైగా వెనక్కి తిరిగి, "రెండు నిమిషాలు బావా, పెరుగొకటే ఉంది" అని ధైర్యం చెబుతాడు.

ఇందులో విద్యంతా కుర్చీని ఎంచుకోవడంలో ఉంది. స్వీటు దగ్గరున్నవాణ్ణి పట్టుకుంటే మన కాళ్ళు పీకుతాయి. సాంబారు దగ్గరున్నవాణ్ణి అసలు నమ్మకూడదు, మళ్ళీ పప్పుకి వెళ్ళిపోతాడు. పెరుగన్నం దాకా వచ్చిన మనిషిని పట్టుకోవాలి. ఈ విద్యలో మాకవరపాలెం నుంచి యలమంచిలి దాకా నాకు పేరుంది. పందిరి గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూస్తే, ఏ విస్తరి ఎన్ని నిమిషాల్లో లేస్తుందో చెప్పేవాణ్ణి.

వడ్డనలోనూ అంతే. బకెట్టు నా చేతికిస్తే వరస తప్పేది కాదు. ఒక విస్తరిని వదిలి ముందుకు పోవడం నా వల్ల కాదు. "చాలు" అన్నవాడికి ఇంకో గరిటె వేయకుండా కదలడమూ నా వల్ల కాదు. మొదటి "చాలు" మర్యాదకంటారు. రెండోది మొహమాటానికంటారు. విస్తరి మీదికి వంగిపోయి రెండు చేతులూ అడ్డం పెట్టినప్పుడు మాత్రమే మనిషి నిజంగా చాలంటున్నాడని మా లెక్క. ఇవి రెండూ గుర్తుపెట్టుకోండి. ముందు ముందు అవసరం పడతాయి.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. మా పెళ్ళై ఇరవై ఆరేళ్ళయిన సందర్భంలో మా అమ్మాయి విశాఖపట్నం నుంచి అండమాన్‌కి విమానం టికెట్లు తీసి మా చేతిలో పెట్టింది. నాకు వెంటనే తిండి గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా నవలల్లో జనం సూపులు తాగుతుంటే చదివాను, జున్నుముక్కలు కోసుకుంటుంటే చదివాను, రొట్టెలు విరుచుకుంటుంటే చదివాను. నోట్లో పెట్టుకున్నది ఒక్కటీ లేదు. ఆ ద్వీపానికి దేశదేశాల వాళ్ళు వస్తారనీ, వాళ్ళ కోసం దేశదేశాల హోటళ్ళున్నాయనీ తెలిశాక, ఒక పొడుగు కాగితం తీసుకుని జాబితా రాశాను. నాలుగు రోజులు, తొమ్మిది హోటళ్ళు. ఇటలీ, థాయ్‌లాండు, బర్మా, జపాను, మధ్యలో అక్కడి స్థానికుల వంటలు. ఒక్కో చోట ఒక్కో వంటకం, సగం తిని లేవడం. కడుపు నిండిపోతే తరవాతి దేశం వృథా.

మా ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళకు మా భోజనాల వేళ తెలిసినంత బాగా మాకు తెలియదు. ఆవిడ ముద్ద కలిపిందంటే గుమ్మంలో ఎవరో ఒకరు, "అక్కా, సేతులు బిగువైపోనాయి, సూడక్కా." ఆవిడ ఎడమచేత్తో టేపు తీసి కొలిచి పంపించి వచ్చేసరికి అన్నం చల్లారేది. మళ్ళీ కలిపేసరికి ఇంకొకరు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ కూర్చున్న చోటు కదలకుండా ఒక భోజనం పూర్తిచేసినట్టు నాకు గుర్తు లేదు. గుర్తు లేదంటే నేను చూడలేదని. నేను ముందే తినేసి పుస్తకం పట్టుకునేవాణ్ణి.

పెట్టె సర్దుతూ ఆవిడ అడిగింది ఒక్కటే.

"నాకు దీవులూ వొద్దు, సముద్రాలూ వొద్దండి. ఒక్క పూట కూకుని తినాల. కూకున్నానంటే మళ్ళీ సెయ్యి కడుక్కోడానికే లెగాల. మద్దిలో ఎవులూ లేపకూడదు."

"అంతేనా?"

"అంతే. మీకు సులువుగా ఉన్నాదేమో. నాకు ఇరవయ్యారేళ్ళలో కుదర్లేదు."

"తప్పకుండా" అన్నాను. అప్పుడు జాబితా నా జేబులోనే ఉంది.

మొదటి రోజు ఇటలీ. పొడుగాటి తీగలు తీగలుగా ఏదో తెచ్చారు. సత్యవతి ముళ్ళచెంచాతో ఒక తీగ పైకి లాగి, అది ఎంతకీ తెగకపోతే, "కండి కింద సుట్టుకోడానికి బాగుణ్ణు" అంది. కుట్టుమిషను మనిషికి అన్నీ దారపుకండెల్లా కనిపిస్తాయి. రెండో తీగకు నేను లేచాను. థాయ్ హోటల్లో చారు లాంటిది వచ్చింది. చింతపండు మరిచిపోయి నిమ్మగడ్డి వేసి, చేసిన తప్పు కనిపించకుండా కొబ్బరిపాలు పోసినట్టుంది. ఆవిడకు నచ్చింది. నచ్చేలోపల నేను లేచాను. రెండో రోజు జపాను. పళ్ళెంలో పచ్చి చేపముక్కలు వరసగా పెట్టి ఇచ్చారు. ఆవిడ కాసేపు చూసి, "పాపం, పొయ్యి ఎలిగినట్టు లేదు. ఎలిగించుకున్నాక వొద్దాం పదండి" అంది. ఆ ఒక్క చోట మాత్రం ఆవిడే ముందు లేచింది.

మూడో రోజు మధ్యాహ్నం సముద్రం ఒడ్డున ఒక చిన్న హోటలుకి వెళ్ళాం. తాటాకు కప్పు, ఇసకలో ఏడు బల్లలు. అరిటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేప అక్కడి ప్రత్యేకత. సత్యవతి ఆకు విప్పింది. ఆవిరి ముఖానికి కొట్టింది. ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది. రెండో ముద్ద తింది. నేను గడియారం చూశాను.

"లే, లే. బర్మా హోటలు మూడింటికి మూసేస్తారు."

"సేప, అండీ."

"చేప ఎక్కడికీ పోదు. బర్మా పోతుంది."

ఆవిడ విప్పిన ఆకుని మళ్ళీ మడిచి, దాని మీద కాసేపు చెయ్యి పెట్టి, లేచింది.  దారిలో అంది: "ఇంటికాడ జాకెట్లోళ్ళు లేపుతారు. ఇక్కడ మీరు లేపతన్నారు. ఇంత దూరం రావడం ఎందుకు మరి?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. తగిలినా బర్మా హోటలుకి వెళ్ళాను. మూసేసి ఉంది.

ఇక నాలుగో రోజు సాయంత్రం. మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం. నేను జాబితా మడిచి లోపల పెట్టి, "ఈ పూట నీ ఇష్టం. నువ్వు చెయ్యి కడుక్కునేదాకా నిన్నెవరూ లేపరు. ఇది నా పూచీ" అన్నాను.

"ఆకుసేప కాడికి" అంది ఆవిడ, ఆలోచించకుండా.

వెళ్ళేసరికి నాలుగూ నలభై. అక్కడ పొద్దు మనకంటే ముందే వాలుతుంది. ఐదుంపావుకి సూర్యుడు నీళ్ళలో ఉంటాడు. అది చూడటానికి ద్వీపంలో ఉన్న జనమంతా ఆ హోటల్లోనే కూర్చున్నట్టుంది. ఏడు బల్లలూ నిండిపోయాయి. గుమ్మంలో, దయచేసి ఇక్కడ వేచి ఉండండి, అని ఇంగ్లీషులో బోర్డు. నేను దాన్ని రెండుసార్లు చదివాను. వాక్యం బాగుంది. కానీ వేచి ఉంటే ఎవరు పిలుస్తారు? నిన్న వడ్డించిన మనిషి ఈ రోజు లేడు. ఇది ఆఖరి పూట. పూచీ ఇచ్చినవాణ్ణి నేను.

పందిరి గుమ్మంలో చూసినట్టు ఒక్క చూపు చూశాను. మూడో బల్ల దగ్గర తెల్లవాళ్ళు, భార్యాభర్తలు. ఆయన ముందు గిన్నెలో తెల్లగా ఏదో ఉంది, చెంచాతో తింటున్నాడు. గిన్నె అడుగు కనిపిస్తోంది. పెరుగు. ఇంకెంత, రెండు నిమిషాలు.

అది పుట్టగొడుగుల సూపు. మనం తెల్లదానితో ముగిస్తాం, వాళ్ళు తెల్లదానితో మొదలుపెడతారు. ముప్ఫై ఏళ్ళ చదువులో ఈ ఒక్క సంగతి నేను గమనించలేదు.

తిన్నగా వెళ్ళి ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.

"ఏటండీ అది?" సత్యవతి వెనకనుంచి నా చొక్కా లాగింది.

"ఆగు. పెరుగు దగ్గరున్నారు. నువ్వు ఆవిడ కుర్చీ పట్టుకో."

"నేను పట్టుకోను. ఇది పెళ్ళా?"

"తినేవాళ్ళు ఎక్కడైనా తినేవాళ్ళే. పట్టుకో."

"మీరు పట్టుకోండి. నేను మిమ్మల్ని ఎరగను" అని ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్ళిపోయి నిలబడింది.

ఇక్కడ నా వేషం చెప్పాలి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, ఉక్కకి భుజం మీద తుండుగుడ్డ. ముందు రోజు వడ్డించిన మనిషి కూడా తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, భుజం మీద గుడ్డతో ఉన్నాడు. ఇది నాకు తరవాత గుర్తొచ్చింది.

తెల్లాయన వెనక్కి తిరగకుండానే చెయ్యి పైకెత్తాడు. "వాటర్, ప్లీజ్."

నా ఇంగ్లీషు కళ్ళలో ఉంటుంది, నోటిదాకా రాదు. నేను ఫలానా, మీ కుర్చీ కోసం నిలబడ్డాను అని చెప్పడానికి వాక్యం కూర్చుకుంటుండగానే ఆయన మళ్ళీ గ్లాసు చూపించాడు. తింటున్న మనిషి నీళ్ళడిగితే మా ఊళ్ళో ముందు నీళ్ళిస్తారు, తరవాత పరిచయాలు. మూల బల్ల మీద జగ్గు ఉంటే తెచ్చి పోశాను. ఆయన భార్య కూడా గ్లాసు ముందుకు జరిపింది. పోశాను. పక్క బల్లవాళ్ళు చూశారు. వాళ్ళకూ పోశాను. బంతిలో ఒకరికి పోసి ఇంకొకరికి మానడం ఎలా? ఏడు బల్లలకూ పోసి వచ్చేసరికి తెల్లాయన ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టాడు.

బోర్డు దగ్గరనుంచి సత్యవతి గొంతు స్పష్టంగా వినబడింది.

"ఓలమ్మా! ఇంటికాడ మీ కంచం మీరు తియ్యలేదు గదండీ! ఇరవయ్యారేళ్ళు!"

 గిన్నెలు పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, వంటింట్లోకి వెళ్ళాను.

పొయ్యి దగ్గర బనీనుతో ఒకాయన చేపలు తిప్పుతున్నాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నన్ను చూడగానే హిందీలో ఏదో కసిరాడు. నాకు అర్థం కాక, "ఏంటి బాబూ?" అన్నాను.

చేపలు తిప్పడం ఆపేశాడు. "తెలుగోడివా! ఇప్పుడా రావడం? పొద్దున్నే ఓడ వొచ్చిందంటగదా! ఏ ఊరు?"

"నర్సీపట్నం."

"ఓర్నాయనో! మాది ఎస్. రాయవరం. అప్పల్రాజు నా పేరు. యలమంచిలి నుంచి ఎవులో వొస్తారన్నారు, నర్సీపట్నమైతే మరీ మంచిది. ఇదిగో మావా, ఈ సేప నాలుగో టేబులుకి. బేగి, బేగి!"

కాదు అని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను. కానీ నాలుగు రోజుల తరవాత నన్నొకరు మావా అన్నారు. చేతిలో వేడి పళ్ళెం పెట్టారు. వేడి పళ్ళెం చేతిలో ఉండగా నిలబడి సంజాయిషీలు చెప్పడం మా ఇంటా వంటా లేదు. వెళ్ళి వడ్డించి వచ్చాను. వచ్చేసరికి ఇంకోటి సిద్ధంగా ఉంది.

అలా మొదలైంది. మూడోసారికి కాళ్ళకు అలవాటైంది. నాలుగోసారికి అన్నం గిన్నె, గరిటె దొరికాయి. గరిటె చేతికి రావడంతో నేను ద్వీపంలో ఉన్నానన్న సంగతి మరిచిపోయాను.

ఆరో బల్ల సరిగ్గా నీళ్ళ అంచున ఉంది. అక్కడ ఇద్దరు సన్నటి విదేశీయులు కూర్చున్నారు, చేతికర్రల్లా ఉన్నారు. అన్నం వేశాను. అబ్బాయి "థాంక్యూ" అన్నాడు. ఇంకో గరిటె వేశాను. "నో, నో" అన్నాడు. మర్యాదకి. మూడో గరిటె వేశాను. పళ్ళెం మీద ఒక అరచెయ్యి పెట్టాడు. ఒకటే చెయ్యి, అంటే మొహమాటం. వేళ్ళ సందుల్లోంచి నాలుగోది వేశాను. అమ్మాయి తన పళ్ళెం ఒళ్ళో దాచుకుంది. కాసేపటికి తిరిగి చూస్తే ఇద్దరూ లేచి ఇసకలో వేగంగా నడిచి వెళ్ళిపోతున్నారు.

ఏమైతేనేం, ఆరో బల్ల ఖాళీ అయింది. తుండుగుడ్డతో బల్ల తుడిచి, సముద్రం వైపు కుర్చీ తిప్పి, సత్యవతిని పిలిచి కూర్చోబెట్టాను.

"మీరూ కూకోండి" అంది.

ఎదురుగా కుర్చీ లాక్కున్నాను. వంటింట్లోంచి కేక: "మావా! సల్లారిపోతంది!"

లేచి నిలబడ్డాను. "ఒక్క నిమిషంలో వస్తాను."

"ఎల్లండి, ఎల్లండి. నేను మాత్రం లెగను. ముందే సెప్తన్నాను."

ఆకుచేప ముందు ఆవిడకే తెచ్చి పెట్టాను. ఆవిడ ఆకు విప్పి, ఈసారి నా వైపు చూడకుండా, తినడం మొదలుపెట్టింది.

తరవాత రొయ్యలొచ్చాయి. చేటంత పళ్ళెం, దాని నిండా అరచెయ్యి పొడుగు రొయ్యలు, పైన వేయించిన వెల్లుల్లి. "ఏడో టేబులుకి, బద్రం. ఓనరు అత్తోరోళ్ళు వొచ్చేరు. పొద్దుటేల పట్టిన రొయ్యలు" అన్నాడు అప్పల్రాజు. నేను విన్నాను. ఏడో బల్లకే బయల్దేరాను. కానీ ఏడో బల్ల ఆ చివర ఉంది. దానికి వెళ్ళాలంటే ఒకటి నుంచి ఆరు దాకా అందరి ముందునుంచీ వెళ్ళాలి. చేతిలో పళ్ళెం, అందులో గరిటె, రెండు పక్కలా తింటున్న మనుషులు. ఒకటో బల్లాయన పళ్ళెం వైపు చూశాడు. చూసినవాడికి వేయకుండా ముందుకెళ్ళడం నా వల్ల కాదని చెప్పాను కదా. మూడు రొయ్యలు వేశాను. రెండో బల్లకు వేశాను. మూడో బల్ల తెల్లావిడ చప్పట్లు కొట్టింది. ఆవిడకు ఇంకోటి ఎక్కువ వేశాను. ఆరో బల్లకు, మా ఆవిడ కదా అని పక్షపాతం చూపించకుండా, అందరితో సమానంగా వేశాను.

"ఎక్కడివండీ ఇవి? నేను సెప్పలేదే" అంది సత్యవతి.

"బంతికి వచ్చాయి. తిను."

ఏడో బల్ల దగ్గరికి చేరేసరికి పళ్ళెంలో నాలుగు రొయ్యలున్నాయి. ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్ళు పళ్ళెం వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. తరవాత హోటలంతా రొయ్యల తలకాయలు తీస్తున్న జనం వైపు చూశారు. ఆ లోటు పూడ్చడానికి నేను వెనక్కి పరుగెత్తి, అన్నం గిన్నె తెచ్చి, ఎనిమిదిమందికీ ధారాళంగా అన్నం వేశాను.

సరిగ్గా అప్పుడు ఓనరు వచ్చాడు. బెంగాలీ ఆయన, మా ఊరి గంగాళమంత మనిషి. అత్తగారికి నమస్కారం పెట్టబోయి, ఆవిడ ముందున్న అన్నం గుట్ట చూసి ఆగిపోయాడు. గుట్ట మీద ఒకే ఒక రొయ్య ఉంది. ఏం జరిగిందో అత్తగారు బెంగాలీలో చెప్పింది. ఆయన హిందీలో అరిచాడు. అప్పల్రాజు పరుగెత్తుకొచ్చి తెలుగులో అరిచాడు. "మావా! ఏడో టేబులన్నాను గదేటి!"

"ఏడో బల్లకే తెచ్చాను. దారిలో ఆరు బల్లలున్నాయి."

"ఉంటే?"

"ఉంటే వేయరా?"

 ఎస్. రాయవరం మనిషి కదా, అప్పల్రాజుకి అర్థమైంది. అర్థమైనదాన్ని హిందీలో ఎలా చెప్పాలో తెలియక నిలబడిపోయాడు.

అంతలో గుమ్మంలో, బోర్డు పక్కన, సంచి పట్టుకుని నడివయసు మనిషొకడు కనిపించాడు. "సింహాచలమండి. యలమంచిలి నుంచండి. వడ్డనకి రమ్మన్నారంట. ఓడలో కడుపు తిప్పీసి ఇప్పటిదాకా రేవుకాడే పడున్నానండి."

ఓనరు సింహాచలాన్ని చూశాడు. నన్ను చూశాడు. అప్పల్రాజు కూడా అదే వరసలో చూసి, నెమ్మదిగా అడిగాడు. "అయితే... తమరెవరండి?"

మావా పోయి తమరు వచ్చింది. అక్కడ నాకు సిగ్గేసింది.

"నేను తినడానికొచ్చాను" అన్నాను.

అప్పల్రాజు దాన్ని హిందీలోకి మార్చాడు.  నేను గరిటె కింద పెట్టి ఆరో బల్ల దగ్గరికి వెళ్ళాను. "సత్యవతీ, లే. పోదాం."

ఆవిడ రొయ్య ఒలుస్తోంది. "నేను లెగనని సెప్పేను గదా."

"వాళ్ళు అరుస్తున్నారు."

"మీమీద అరుస్తన్నారు. నామీద కాదు." ఆవిడ ఓనరు వైపు తిరిగి, కూర్చునే, మామూలు గొంతుతో తెలుగులో అంది: "బాబూ, మా ఆయన తప్పే. మీ ఇష్టమొచ్చినంత తిట్టండి. కానీ నా బోజనం ఇంకా అవ్వలేదు. ఇరవయ్యారేళ్ళయ్యింది నేను కూకుని తిని. అది అయినంతవరకూ ఆయన్ని పంపించీకండి. నాకు వడ్డించీవోళ్ళు లేరు."

అప్పల్రాజు మాట మాటా మార్చి చెప్పాడు. ఇరవై ఆరేళ్ళ దగ్గర అతని గొంతు కొంచెం తగ్గింది. ముందు నవ్వింది ఓనరు అత్తగారు. లేచి వచ్చి, సత్యవతి పళ్ళెంలోకి చూసి, ఏదో అని, భుజం తట్టి వెళ్ళింది. అత్తగారు నవ్వాక అల్లుడు చేయగలిగింది ఏముంటుంది? ఆయన కూడా నవ్వు ముఖం పెట్టి రెండు మాటలన్నాడు.

"కానీమంటన్నారండి" అన్నాడు అప్పల్రాజు. "అమ్మగారికి తమరే వడ్డించుకోవచ్చంట. గరిటె మాత్రం తమ సేతికి ఇవ్వొద్దంట."

చేత్తోనే వడ్డించాను. అన్నం, పులుసు, ఇంకో ఆకుచేప. సూర్యుడు ఎప్పుడు మునిగాడో నేను చూడలేదు. సత్యవతి చూసింది. చివర, "పెరుగు లేదేటి?" అంది. హోటల్లో పెరుగు లేదు. అప్పల్రాజు తన కోసం తోడేసుకున్న గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ పెరుగన్నం కలుపుకుంటుంటే నేను వెనకాలకు వెళ్ళి, ఏ ఉద్దేశమూ లేకుండానే, ఆవిడ కుర్చీ వీపు పట్టుకున్నాను. చేతులకు అలవాటు.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఎప్పుడూ ఏవండీ తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి, ముఖం మామూలుగా పెట్టి అంది: "రెండు నిమిషాలు బావా. పెరుగొకటే ఉంది."

తరవాత లేచింది. చెయ్యి కడుక్కోవడానికి.

నా భోజనం వంటింట్లో అయింది. అప్పల్రాజు, సింహాచలం, నేను నేల మీద కూర్చుని ఎండుచేపల పులుసు తిన్నాం. ఆ ద్వీపంలో నేను తిన్నవాటిలో అదే బాగుంది. అది జాబితాలో లేదు.

ఊరికి వచ్చాక ఈ కథ జాకెట్లు కుట్టించుకునేవాళ్ళందరికీ తెలిసింది. "అంత దూరం ఎల్లి ఈయన హోటల్లో పనికి కుదిరిపోనారు" అని ఆవిడ కొలతలు తీసుకుంటూ చెప్పేది. ఊపిరి బిగబట్టాల్సిన చోట వాళ్ళు నవ్వేసరికి కొన్ని జాకెట్లు వదులయ్యాయి కూడా. నాకు మాత్రం ఒక పని మిగిలింది. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కూర్చునేది, నేను వడ్డించేవాణ్ణి. గుమ్మంలో ఎవరైనా పిలిస్తే, "భోంచేస్తున్నారమ్మా, అరగంటాగి రండి" అని నేనే చెప్పేవాణ్ణి. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి కుర్చీ వెనకాల నిలబడేవాణ్ణి. ఆవిడ ఆ మాట అనేది. ఒక్కో ఆదివారం ఆ రెండు నిమిషాలు పావుగంట పట్టేవి. తొందరపెట్టలేదు. ఈ ఒక్క చోట నేను కుదురుగా నిలబడ్డాను. ఆరేళ్ళ పైన సాగింది.

సత్యవతి పోయి పద్నాలుగు నెలలు. పెళ్ళిళ్ళకు వెళుతున్నాను. పందిరి బయట నిలబడతాను, ఎవరైనా పిలిచి కూర్చోబెడితే తింటాను, లేకపోతే వచ్చేస్తాను.

అందుచేత ఇది చదివినవాళ్ళందరి ముందూ నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. తెల్లగా కనిపించినదాన్నల్లా పెరుగనుకోను. ఒకరి రొయ్యలు ఇంకొకరికి వేయను. ఒక్క చెయ్యి అడ్డం పెట్టినా చాలన్నట్టే అనుకుంటాను. ఎవరి కుర్చీ వీపూ పట్టుకోను.

ఆదివారం మా ఇంట్లో ఇప్పుడు వడ్డన లేదు.